దక్షిణచిత్రలో మన ఇళ్లు: చూరు కింది నుంచి మగ్గం గుంట దాకా

చెన్నై దగ్గర, దక్షిణాది పాత ఇళ్లను మళ్లీ నిలబెట్టిన మ్యూజియం దక్షిణచిత్రలో తెలుగు ఇళ్లు రెండున్నాయి. ఒకటి ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు, ఉమ్మడి విశాఖ జిల్లా హరిపురం తరహాది. రెండోది ఉమ్మడి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం ఇక్కత్ (నేయకముందే నూలుకు రంగులద్దే నేత) నేతగాళ్ల ఇల్లు. చెన్నైలో ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగు కుటుంబాలు కూడా వీటిని సరిగ్గా చూడకుండానే తిరిగొస్తుంటాయి. చెట్టినాడు ఇంటి టేకు స్తంభాల దగ్గర, కేరళ చెక్క ఇంటి దగ్గర గంటన్నర గడిచిపోతుంది. ఈలోగా ఎండ నెత్తికెక్కుతుంది, పిల్లలకు ఆకలి మొదలవుతుంది, మట్టిగోడ దగ్గరికొచ్చేసరికి చూసే ఓపిక ఉండదు. అందుకే ముందుగా ఒక మాట చెప్తాను. వెళ్లగానే ఆంధ్ర విభాగం ఎటో అడిగి నేరుగా అక్కడికే నడవండి. మిగతావి తర్వాత చూడొచ్చు.

సంగతి క్లుప్తంగా ఇది. 1984లో మొదలైన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని నడుపుతోంది. వ్యవస్థాపకురాలు డెబొరా త్యాగరాజన్. 1996 డిసెంబరు 14న జనానికి తెరిచారు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడులో పదెకరాల స్థలం. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లు 18 ఉన్నాయి. వీటితో పాటు బొమ్మల గ్యాలరీలు, ఆరుబయట రంగస్థలం, చేతిపనుల అంగళ్లు, కుమ్మరి సారె, మగ్గం అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఆవరణ రూపకల్పన ఆర్కిటెక్ట్ లారీ బేకర్‌ది. దాన్ని కట్టి నిలబెట్టిన ఆర్కిటెక్ట్ బెన్నీ కురియాకోస్.

ఇక్కడివి నమూనా ఇళ్లు అనుకుంటే సగం విషయం పోయినట్టే. ఊళ్లో కూలగొట్టి కలప అమ్మేయబోతున్న ఇళ్లను కొని, విప్పి, లారీల్లో తెచ్చి, మళ్లీ నిలబెట్టినవే వీటిలో ఎక్కువ. ఇల్లు విప్పడం కూల్చడమంత తేలిక కాదు. ముందు ప్రతి గదినీ కొలిచి పటం గీస్తారు, ఫొటోలు తీస్తారు. తర్వాత ప్రతి దూలానికీ, వాసానికీ, స్తంభానికీ, ద్వారబంధానికీ ఒక నంబరు వేస్తారు. ఈ నంబరు దగ్గరే చాలా పనులు చెడతాయి. రంగుతో రాస్తే వానకు పోతుంది, కాగితం కడితే చెదలు తింటాయి. కుసి దగ్గర, అంటే బెజ్జంలో దూరే ముక్క మీద, ఉలితో గాటు పెడితేనే నిలుస్తుంది, బిగించాక బయటికి కనపడదు కూడా. విప్పడం పైనుంచి కిందికి: పెంకులు, పెంకుల కింది పట్టీలు, వాసాలు, దూలాలు, చివరికి స్తంభాలు. పాత వడ్రంగి పనిలో ఇనుప మేకులు తక్కువ. కుసిని బెజ్జంలో దించి, అడ్డంగా కొయ్య చీల కొడతారు. విప్పేటప్పుడు ఆ చీలలు విరుగుతాయి, కాబట్టి కొత్తవి చెక్కుకోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, వందేళ్లు బరువు మోసిన దూలం బరువు దిగగానే కొద్దిగా మెలి తిరగొచ్చు. అప్పుడు పాత బెజ్జంలో పాత కుసి దూరదు. దాన్ని బలవంతంగా సుత్తితో కొడితే చెక్క చీలిపోతుంది. అందుకే ఏ ప్రాంతపు ఇంటికి ఆ ప్రాంతపు పనివాళ్లనే పిలిపించి కట్టించారు. ఆ ఊరి అతుకు ఎటు సాగుతుందో, ఎటు సాగదో వాళ్ల చేతికే తెలుసు.

మట్టిగోడ మాత్రం లారీ ఎక్కదు. కలప పాతది, గోడ కొత్తది. ఆ గోడను పాత పద్ధతిలోనే మళ్లీ పెట్టాలి. ఇంట్లోకి వెళ్లగానే ఏది ప్రయాణం చేసి వచ్చింది, ఏది ఇక్కడ పుట్టింది అని విడదీసి చూడటం మొదలుపెడితే ఆ ఇల్లు మీకు పట్టుబడుతుంది. తలుపు గడపలో పాదాలు అరగదీసిన గుంట చూడండి. అది ఇంకో ఊరి పాదాలు చేసినది.

చుట్టిల్లు దగ్గర తొందరపడొద్దు. గుండ్రటి మట్టిగోడ మీద, గొడుగులా దిగిన ఆకు కప్పు. చూరు ఎంత కిందికుంటుందంటే పెద్దవాళ్లు వంగి లోపలికి వెళ్లాలి. ఇది పేదరికపు గుర్తు అనుకునేవాళ్లున్నారు, కానీ ఆ ఎత్తులో ఒక లెక్క ఉంది. తుఫానులో ఇళ్లు పోవడానికి పెద్ద కారణం, గాలి చూరు కింద దూరి కప్పును పైకి లేపడం. చూరు నేలకు దగ్గరగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. నలుచదరం ఇంటికి గాలి ఒత్తిడి మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర ఎక్కువగా పడుతుంది. చుట్టింటికి మూలే లేదు, గాలి చుట్టూ జారిపోతుంది. కప్పు వాలు నిటారుగా ఉండటం వల్ల వాన కూడా నిలవదు. ఆకు కప్పుకు వాలు 45 డిగ్రీలకు తగ్గితే నీళ్లు ఆకుల్లోకి ఇంకి, లోపలి పొర కుళ్లడం మొదలవుతుంది. అదే చూరు వాన నీటిని గోడకు దూరంగా పారబోస్తుంది. మట్టిగోడకు అసలు శత్రువు నెత్తిన పడే వాన అనుకుంటాం గానీ, నేల మీద పడి చిందే తుంపరే ఎక్కువ చెడుపు చేస్తుంది. గోడ అడుగున అడుగున్నర మేర మన్ను కరిగి సన్నబడుతుంది, పైన బరువు అలాగే ఉంటుంది, ఒక వానాకాలంలో గోడ కూర్చుంటుంది. అరుగు ఉన్నది మనుషులు కూర్చోడానికే కాదు, ఈ తుంపరను గోడ దాకా రానివ్వకుండా ఆపడానికి కూడా.

ఇలాంటి ఇళ్లలో లోపలి గదికి పైన కర్రలు పరిచి, మట్టి పూసిన అటక ఉంటుంది. ధాన్యం, పెట్టెలు, ముఖ్యమైన సామాను ఆ గదిలోనూ అటక మీదా దాచుకుంటారు. ఆకు కప్పు అంటుకున్నా నిప్పులు ఆ మట్టి పొర మీద పడి ఆగుతాయి, గదిలోకి వెంటనే దిగవు. ఆకు కప్పు ఉన్న ఊళ్లో ఇది చాలా తెలివైన ఏర్పాటు.

గోడ పెట్టే పద్ధతి తెలిస్తే చూడటం ఇంకా బాగుంటుంది. మట్టిని తవ్వి, నీళ్లు పోసి, తరిగిన వరిగడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, ఒకటి రెండు రోజులు నానబెడతారు. గడ్డి కొంచెం మాగితే మట్టికి జిగురు పెరుగుతుంది. తర్వాత ముద్దలు ముద్దలుగా చేసి, ఒక వరస అడుగు నుంచి అడుగున్నర ఎత్తుకు పెట్టి ఆపేస్తారు. అది బొటనవేలు దిగబడనంత గట్టిపడ్డాకే పైవరస. ఆగకుండా పెడితే కింది వరస పొట్ట ఉబ్బి బయటికి పడుతుంది. ఏ మట్టి పనికొస్తుందో తెలుసుకోవడానికి పిల్లలతో ఇంట్లోనే చేయించదగ్గ పరీక్ష ఒకటుంది. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు కదలకుండా ఉంచండి. అడుగున ఇసుక, మధ్యలో ఒండ్రు, పైన బంక పొర తేరుకుంటాయి. బంక మొత్తం మట్టిలో 15 నుంచి 25 శాతం ఉంటే గోడకు బాగుంటుంది. అంతకంటే ఎక్కువైతే ఎండాక పగుళ్లిస్తుంది, తక్కువైతే చేత్తో రుద్దగానే రాలిపోతుంది.

మట్టిగోడకు సిమెంటు పూత వేయిస్తే బాగుంటుందని ఊళ్లలో చాలామంది వేయిస్తున్నారు. ఇది తప్పకుండా చెడే పని. నేల నుంచి పైకెక్కే తేమ మట్టిలోంచి బయటికి ఊపిరిలా పోతుండాలి. సిమెంటు దాన్ని ఆపేస్తుంది, లోపల మట్టి మెత్తబడుతుంది, రెండు మూడేళ్లకు పూత పెంకులా ఊడి గోడను కూడా లాక్కుపోతుంది. పేడ అలుకు, సున్నం పూత మాత్రమే మట్టికి చుట్టాలు.

మ్యూజియంలో ఉన్న మట్టి ఇంటికి ఇంకో కష్టముంది. ఊళ్లో ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగేది. పొగ కప్పులోకెక్కి ఆకును ఎండగా ఉంచేది, పురుగును దూరంగా పెట్టేది. వారానికోసారి అలుకు పడేది, చిన్న పగులు కనిపించిన రోజే వేలితో మట్టి మెత్తేవాళ్లు. ఎవరూ వండుకోని, ఎవరూ పడుకోని ఇంట్లో ఈ పని అంతా జీతాలిచ్చి చేయించాలి. తాటాకు కప్పు మామూలుగానే మూడు నాలుగేళ్లకు మార్చాలి. ముట్టుకాడులో ఉప్పుగాలి కూడా తోడవుతుంది, ఇనుప తీగతో కట్టిన ముడులు తుప్పుపట్టి తెగుతాయి. మీరు వెళ్లిన రోజు ఒక ఇల్లు మరమ్మతులో ఉండి మూసి ఉంటే నిరాశపడకండి. దూరంగా నిలబడి ఆ పని చూడండి. కప్పు విప్పి ఉన్నప్పుడే వాసాలు ఎలా కట్టారో కనిపిస్తుంది.

ఇప్పుడు కొయ్యలగూడెం ఇల్లు. ఆ ఊరు చౌటుప్పల్ దగ్గర, 2016 జిల్లాల విభజన తర్వాత యాదాద్రి భువనగిరిలోకి వచ్చింది. నడుమ ఆకాశానికి తెరిచిన భవంతి, అంటే ఇంటి మధ్య ఖాళీ చోటు, దాని చుట్టూ వసారా, వసారా వెనక గదులు. మన కోస్తాలో మండువా అంటామే, దానికి దాయాది. ఈ ఇంటిని వాస్తు కోసం చూడకండి, నేతగాడి పనిముట్టుగా చూడండి. చిటికి కట్టే పనికి, అంటే ఇక్కత్ నూలుకు ముడులు వేసే పనికి, కళ్లు చెదిరే ఎండ పనికిరాదు, చీకటి గదీ పనికిరాదు. భవంతి నుంచి పక్కకు పడే వెలుగే సరైనది. మగ్గం మాత్రం లోపలుంటుంది, గుంటలో. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, తొక్కుడు కర్రలు తొక్కుతాడు. గుంట ఎందుకంటే, నేల తేమ నూలు పోగుకు తగులుతూ ఉండాలి. పొడిగాలిలో పడుగు పోగులు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించిన దారాలు, పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. నడి వేసవిలో గుంటలో నీళ్లు చల్లి నేసేది అందుకే.

ఇక్కత్‌లో రంగు బట్టకు పడదు, నేయకముందే నూలుకు పడుతుంది. పేకకు, అంటే అడ్డంగా నేసే నూలుకు, చేసే పని చెప్తాను, అది చూస్తే పడుగు పని ఊహకు అందుతుంది. ఒక కొయ్య చట్రం, ఒక చివర ఒకే మేకు, ఎదురుగా విల్లులా వంగిన వరసలో చాలా మేకులు. దీన్ని ఆసు అంటారు. నూలును ఆ ఒక్క మేకు నుంచి ఎదుటి వరసలోని మేకులకు తిప్పుతూ, వెనక్కి తెస్తూ పోవాలి. దూరం దాదాపు ఒక మీటరు, అంటే బట్ట వెడల్పు. ఒక్క చీరకు చెయ్యి అలా సుమారు 9 వేల సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. ఇది ఇంటి ఆడవాళ్ల చేతి మీద పడే పని, భుజం, మెడ, కళ్లు అన్నీ పోయేవి. తల్లి భుజం నొప్పి చూసి ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతి ఆసు ముందు నిలబడి మీ కుడిచేత్తో గాల్లో ఒక వంద సార్లు అలా తిప్పి చూడండి. 9 వేలంటే ఏమిటో చేతికి తెలుస్తుంది.

తర్వాత ఆ నూలు కట్టల మీద గీతలు గీసి, తెల్లగా మిగలాల్సిన చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీతో బిగించి కడతారు. రంగులు ఎప్పుడూ లేత నుంచి ముదురుకు వెళ్తాయి. తెలుపు కట్టి పసుపులో ముంచాలి, పసుపుగా మిగలాల్సింది కట్టి ఎరుపులో ముంచాలి, ఆఖరున నలుపు. వరస తప్పితే వెనక్కి రావడం లేదు, ముదురు మీద లేత రంగు ఎక్కదు. కట్టు వదులైతే రంగు కిందికి పాకి పువ్వు మసకబారుతుంది. కట్టు విప్పేటప్పుడు చాకు ఒక్క వెంట్రుకంత లోతుకు దిగినా నూలు తెగుతుంది, అది మగ్గం మీదకెళ్లాక గానీ బయటపడదు. నేసేటప్పుడు కూడా ప్రతి పేక పోగునూ అంచు దగ్గర కొద్దిగా లాగి, పువ్వు మీద పువ్వు కూర్చోబెడతారు. మంచి చేతి ఇక్కత్‌కు అంచుల్లో చిన్న చిన్న నూలు ఉచ్చులు కనిపించేది ఈ సర్దుబాటు వల్లే. అది లోపం కాదు, సంతకం.

ఈ ఇంటి నుంచి బయటికొచ్చాక నేరుగా ఇంకో రెండు నేత ఇళ్లు చూడండి: కాంచీపురం పట్టు నేతగాళ్ల ఇల్లు, కర్ణాటక వైపు ఇల్కల్ నేతగాళ్ల ఇల్లు. మూడూ వరసగా చూస్తే ఒక్కో నేత ఒక్కో ఇంటిని ఎలా కోరుకుందో అర్థమవుతుంది. కాంచీపురంలో చీర ఒంటికీ అంచుకూ వేరు వేరు రంగులు కలిపే కోర్వై పనికి మూడు నాడెలు (పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్లే పనిముట్లు) కావాలి, పక్కన సాయానికి ఇంకో మనిషి కూర్చోవాలి, అందుకు చోటుండాలి. పడుగు చాపి గంజి పెట్టడానికి ఇల్లు చాలదు, తెల్లవారుజామున వీధే పనిచోటు. నేతగాళ్ల వీధులు తిన్నగా ఉండటానికి ఇదొక కారణం. ఇల్కల్‌లో చీర ఒంటికి పడుగు ఒకటి, పైట పడుగు ఇంకొకటి. రెంటినీ ఉచ్చులో ఉచ్చు వేసి కలిపే కొండి పద్ధతి వాళ్ల సొంతం, ప్రతి చీరకూ ఆ కలపడం మళ్లీ చేయాలి.

ప్రదర్శనలు ఏమున్నాయో బయల్దేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి. తోలుబొమ్మలాట ఉన్న రోజు దొరికితే వదలకండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మలు మేక తోలును వెలుతురు దూరేంత పలచగా గీకి చేసినవి, మనిషంత ఎత్తువి కూడా ఉంటాయి. ఆ రంగులు తెర వెనక దీపం ఉంటేనే పలుకుతాయి. బొమ్మ తోలు తెరకు అంటుకుని ఉన్నప్పుడు గీత పదునుగా ఉంటుంది, వెనక్కి జరిగితే నీడ ఉబ్బి మసకవుతుంది. ఆడించేవాళ్లు ఈ దూరంతోనే బొమ్మను బతికిస్తారు. వీలైతే కాసేపు తెర వెనక్కి వెళ్లి చూడటానికి అనుమతి అడగండి.

వెళ్లే సంగతి. మంగళవారం సెలవు, మిగతా రోజులు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా. పదికే గేటు దగ్గర ఉండండి, నాలుగు గంటలు పెట్టుకోండి. బస్సులో వెళ్తే ఈసీఆర్ మీదుగా మహాబలిపురం పోయేదే ఎక్కాలి. తిరుప్పోరూరు బోర్డు చూసి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) బస్సెక్కితే కేళంబాక్కంలో దిగి, ఇంకో బండి పట్టుకుని కోవళం మీదుగా వెనక్కి రావాల్సి వస్తుంది. కారులో వెళ్లేవాళ్లు ఎంజీఎం డిజ్జీ వరల్డ్ కనిపించగానే నెమ్మదించండి. బోటు హౌసు, బ్యాక్ వాటర్ వంతెన వచ్చాయంటే దాటిపోయినట్టు. ఎండాకాలం మధ్యాహ్నం వద్దు. నన్నడిగితే తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల్లో (అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా) వాన పడి వెలిసిన రోజే అన్నిటికంటే మంచిది. చూరు నీళ్లను ఎక్కడ పారబోస్తుందో, అరుగు దేన్ని ఆపుతుందో, భవంతిలో పడ్డ నీరు ఎటు పోతుందో బోర్డు చదవక్కర్లేకుండా కనిపిస్తుంది. జారని చెప్పులు వేసుకోండి. పిల్లలను గోడల మీద గోళ్లతో గీకనివ్వకండి. ఆ గీత పూడ్చడానికి ఎవరో మట్టి నానబెట్టి రావాలి.

కొనేటప్పుడు ఒక్క ఇక్కత్ విషయంలో జాగ్రత్త చాలు, ఎందుకంటే మార్కెట్‌లో అచ్చు వేసిన బట్ట ఇక్కత్ పేరుతో చాలా తిరుగుతోంది. బట్ట తిరగేసి చూడండి. అసలుదానికి రెండు వైపులా రంగు ఒకే గాఢత, అచ్చుదానికి వెనక వెలిసినట్టుంటుంది. కొస దగ్గర ఒక పోగు లాగండి, ఒకే పోగు మీద తెలుపు, ఎరుపు, నలుపు మారుతూ పోతే నూలుకు రంగు పడిందన్నమాట. పడుగు పోగులోనూ పేక పోగులోనూ రెంటిలోనూ అలా మారితే డబుల్ ఇక్కత్, ధర ఎక్కువ ఉండటం న్యాయమే. పువ్వు అంచులు కత్తితో కోసినంత తిన్నగా ఉంటే అనుమానించండి. చీరాలలో పుట్టి, ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో బతికున్న తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట, దొరికితే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు కాబట్టి సన్నగా నూనె వాసన ఉంటుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగులుంటే అది పాత తరహా తేలియా కాదు. ఏది కొన్నా మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో చేసి, పిండకుండా నీడలో ఆరేయండి.